తవుడికిచ్చిన పిల్ల

పైడిరాజు కూతురికి పొద్దున ఉన్న కాళ్లు సాయంత్రానికి ఉండవని పక్కింటి రమణమ్మ అన్నదట. అన్నది పిల్ల తల్లి తులసమ్మ మొహం మీద కాదు. భిలాయిలో సుపేలా బజారులో వంకాయలు ఏరుకుంటూ ఆ వీధిలోనే ఉండే సీతతో అన్నది. సీత ఆ వంకాయల సంచీ తన ఇంట్లో దించకుండానే తిన్నగా తులసమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది.

“‘ఓలమ్మ, ఆ గుంట పొద్దుట గుర్రంలాగ బడికెల్తాది, పొద్దు వాలితే పీతలాగ పాకుతాది. ఇదేం దేశం రోగం? అంట్లు తోమకుండా తప్పించుకోడానికి తల్లే నేర్పింది కాదేటి’ అందప్పా రమణమ్మ. నానన్నమాట కాదు. ఆవిడన్నదే సెప్తన్నాను.”

“రమణమ్మ అదృష్టవంతురాలు. దాని నోరు పొద్దుటా సాయంత్రం ఒక్కలాగే నడుస్తాది” అన్నది తులసమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ.

సీత నవ్వి వెళ్లిపోయింది. ఆ మాట ఇంకో గంటలో రమణమ్మకు చేరుతుందని ఇద్దరికీ తెలుసు. కానీ చేటలో బియ్యం కన్నా రాళ్లు ఎక్కువ కనిపించాయి తులసమ్మకి. నేర్పడం మాట పచ్చి అబద్ధం. పాకడం మాట మాత్రం నిజం. మండేది అక్కడే.

కుమారికి అప్పుడు ఏడేళ్లు. పొద్దున లేచిందంటే సెక్టర్ ఆరు వీధులన్నీ దానివే. బడి వదిలే వేళకి ఎడమ పాదం లోపలికి తిరిగేది. మడమ నేలకి ఆనేది కాదు. ఇంటికొచ్చేసరికి రెండో కాలూ అదే బాట పట్టేది. దీపాలు పెట్టే వేళకి కాళ్లు రెండూ కొయ్యబారి, కత్తెరలా ఒకదాని మీదొకటి పడి, గోడలు పట్టుకుని పట్టుకుని, చివరికి మోకాళ్ల మీద పెరట్లోకి పోయేది. రాత్రి తిని పడుకునేది. తెల్లారేసరికి మళ్లీ మామూలే. ఏ దేవుడో రాత్రికి రాత్రి కాళ్లు ఇచ్చి, సాయంత్రానికి వచ్చి పట్టుకుపోతున్నట్టు ఉండేది.

డాక్టర్లకి చూపించలేదా అంటే, చూపించారు. ఊళ్లో ఉన్నవాళ్లందరికీ చూపించారు. పైడిరాజు ఉక్కు ప్లాంటులో క్రేను నడిపేవాడు. రాత్రి షిఫ్టు దిగి, ఒంటి మీది మసి కడుక్కుని, పిల్లకి తలంటు పోయించి, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరేవాడు. దేవుడి దగ్గరికైనా డాక్టరు దగ్గరికైనా తెల్లారగట్ల తలంటుకుని వెళ్లాలని బొబ్బిలి దగ్గర వాళ్ల ఊళ్లో తల్లి నేర్పింది అతనికి. సాయంత్రం వెళ్లి వైద్యుడి మొహం చూస్తే రోగం ఇంట్లోనే కూర్చుంటుందని నమ్మకం. దాంతో ఏ డాక్టరు చూసినా చూసేది పొద్దుటి కుమారినే. ‘చలో, చల్ కే దిఖావో’ అని నడిచి చూపించమనడమే ఆలస్యం, అది సిపాయిలా గదికి ఈ మూల నుంచి ఆ మూలకి కవాతు చేసేది. మంచి మార్కులు వస్తాయనుకునేదేమో, చివర్లో ఓ గెంతు కూడా గెంతేది.

“నాటక్ కర్ రహీ హై” అన్నాడో డాక్టరు. ఇంకొకాయన బలం మందు రాశాడు. మూడో ఆయన పైడిరాజుని పక్కకి పిలిచి, ఇంట్లో మొగుడూ పెళ్లాలు దెబ్బలాడుకుంటారా అని అడిగాడు.

“సాయంత్రం తీసికెల్లయ్యా బాబూ. నీ తలంటు తగలెయ్య” అని తులసమ్మ మొత్తుకునేది.

“సాయంత్రం ఏ డాక్టరు నీకోసం దుకానం తెరుసుకుని కూకుంటాడే? ఆళ్లంతా సదూకున్నోళ్లు. ఏటీ నేదన్నారంటే నేదనే” అనేవాడతను.

నాటకమన్న మాట అతని బుర్రలో తిష్టవేసుకుంది. ఒకనాటి సాయంత్రం పిల్లని రెండు రెక్కలూ పట్టి లేవనెత్తి, “పొద్దుట డాక్టరు ముందర నడిసినట్టు నడు, సూస్తాను” అని వదిలేశాడు. అది బోర్లా గచ్చు మీద పడింది. గడ్డం చిట్లింది. ఆ నెత్తురు కడిగిన చెంబు చేతిలో పెట్టుకుని చాలాసేపు పెరట్లోనే నిలబడిపోయాడు పైడిరాజు. ఆ రాత్రి డ్యూటీకి వెళ్లలేదు. ఆ తర్వాత నాటకమన్న మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు, డాక్టర్ల మాట కూడా వినపడలేదు.

రెండేళ్లు అలా గడిచాక, నాగపూరులో పిల్లల నరాల జబ్బులు చూసే తెలుగు డాక్టరున్నాడని రైల్వేలో పనిచేసే గోవిందరావు చెప్పాడు. ఈసారి తులసమ్మ ముహూర్తాలు తన చేతిలోకి తీసుకుంది. మధ్యాహ్నం బండి ఎక్కుదాం, చీకటిపడే వేళకి దిగుదాం, స్టేషను నుంచి ఎత్తుకునే తీసుకెళదాం, చూడనీ ఆ మహానుభావుణ్ణి, అన్నది. తీరా బండెక్కాక దుర్గ్ దాటుతూనే పిల్ల తల్లి ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది. రైలు ఊపుకి ఒళ్లెరగని నిద్ర. లేపబుద్ధి కాక, చెమట తుడుస్తూ కూర్చుంది తులసమ్మ. నాగపూరులో బండి దిగగానే కుమారి ఆవులించి, ఒళ్లు విరుచుకుని, నీళ్ల కుళాయి దాకా ఒక్క పరుగు తీసింది.

కూతురు చక్కగా పరిగెత్తుతోందని ప్లాట్‌ఫారం మీద కూలబడి ఏడ్చిన తల్లి తులసమ్మ ఒక్కతే అయివుంటుంది.

డాక్టరు పార్థసారథి ముప్పై అయిదేళ్లవాడు. మద్రాసులో పుట్టిన తెలుగువాడు. మాట పుస్తకంలోంచి చదువుతున్నట్టు ఉండేది. ఆయన ముందు కూడా కుమారి కవాతు చేసింది, గెంతు గెంతింది. అయిపోయింది, ఈయన కూడా నవ్వుతాడు అనుకుంది తులసమ్మ. ఆయన నవ్వలేదు.

“రోజూ ఈ వేళకు ఇలాగే ఉంటుందా?”

“నేదు బాబూ. ఈ వేళకి పాకుతాది. నా కరమకాలి ఇయ్యాల బాగుంది.”

“ఇవాళ కొత్తగా ఏం జరిగింది? రైల్లో ఏం చేసింది?”

“ఏటి సేత్తాది. తొంగుంది.”

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మర్నాడు పిల్లని నిద్రపోనివ్వద్దని చెప్పి వార్డులో ఉంచాడు. దీపాలవేళకి వచ్చాడు. కుమారి వరండా పొడుగునా మోకాళ్ల మీద పాకుతుంటే ఆయన కూడా తెల్లకోటుతో నేల మీద కూర్చుని, దాని పాదం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. తులసమ్మ అది చూసింది. నా పిల్ల పాకుతుంటే ఈయనకేమిటి ఇంత సంబరం అని చివుక్కుమంది. ఆ తర్వాత, పోనీలే, నాటకమనలేదు కదా అని ఊరుకుంది.

“జపానులో ఇలాంటి పిల్లల గురించి రాశారమ్మా. నేను చదవడమే గాని చూడలేదు” అన్నాడాయన. “మెదడులో ఊరవలసిన ఒక రసం తక్కువ ఊరుతోంది. రాత్రి నిద్రలో కొద్దిగా చేరుతుంది, పొద్దంతా తోడుకుంటే సాయంత్రానికి అడుగంటుతుంది. ఎండాకాలం బావి లాగ.”

ఆ పోలిక ఒక్కటే తులసమ్మకి అర్థమైంది. అది చాలు. చేతులు వణికే ముసలివాళ్లకిచ్చే మాత్ర ఒకటి ఉందిట. అందులో పావు ముక్క వేశాడు. రెండు రోజుల తర్వాత సాయంత్రం, వార్డులో దీపాలు వేశాక, కుమారి మంచం దిగి నడిచి వచ్చి తల్లి కొంగు పట్టుకుంది. ఆకలేస్తోందంది.

మాత్ర జీవితాంతం వెయ్యాలన్నాడు. భిలాయిలో దొరకదు. పవర్ హౌస్ బజారులో మందుల కొట్టువాడు చీటీ చూసి, ‘యే తో బుడ్ఢోం కా హై’, ఇది ముసలాళ్ల మందు, అని తిప్పి ఇచ్చేశాడు. బొంబాయి నుంచి డాక్టరే తెప్పించి సీసాలో పోసి ఇచ్చేవాడు. ఆ సీసా అడుగు కనపడిందంటే తులసమ్మ మాత్రలు ఒలకబోసి మళ్లీ మళ్లీ లెక్కపెట్టేది. గవర్నమెంటు డాక్టరు, ఇవాళ నాగపూరు, రేపు ఏ ఊరో. వెళ్లిపోయేవాడికి ఎవరి పిల్లో ఎందుకు గుర్తుంటుంది? తన పిల్ల అయితేనే గుర్తుంటుంది.

అక్కడ పుట్టింది ఆమెకి ఆలోచన.

వాళ్ల వైపు పిల్లలు పుట్టి దక్కకపోతే, మిగిలిన పిల్లని దోసెడు తవుడుకి ఎవరికైనా అమ్మేస్తారు. అమ్మడమంటే పంపెయ్యడం కాదు. కొన్నవాడు తల్లి కొంగులో తవుడు పోసి, ‘ఈ పిల్ల నాది, నువ్వు సాకు’ అంటాడు. ఆ ఇంటి పిల్ల కోసం వచ్చిన చావు, ఇది వేరేవాళ్ల పిల్ల అనుకుని వెనక్కి పోతుందని. ఊరి నిండా తవిటయ్యలూ తవిటమ్మలూ అలా బతికి బట్టకట్టినవాళ్లే. తులసమ్మకి ఆ నమ్మకం ఎంతుందో గాని, కొన్నవాడికీ పిల్లకీ మధ్య చుట్టరికం ఎంత గట్టిగా ఉంటుందో మాత్రం తెలుసు. కొన్న మనిషి పండక్కి బట్ట పెడతాడు. పెళ్లికి ముందు వరసలో కూర్చుంటాడు. వదిలెయ్యలేడు.

సుపేలా మిల్లు నుంచి తవుడు తెచ్చి, జల్లించి, గుడ్డలో కట్టి నాగపూరు పట్టుకెళ్లింది. “ఏటే, నవ్వుతాడేమో” అన్నాడు పైడిరాజు. “నవ్వనీ. పోసీదాకా కదల్ను” అంది.

డాక్టరు నిజంగానే నవ్వాడు. నర్సులు వచ్చి తలుపు దగ్గర నిలబడి చూశారు. “ఇదేం మూఢాచారం తులసమ్మా, ఈ కాలంలో” అంటూనే దోసిలి పట్టాడు. ఆమె చెప్పినట్టే ఆమె కొంగులో తవుడు పోశాడు. ‘ఈ పిల్ల నాది, నువ్వు సాకు’ అన్నాడు. చేతులకంటిన తవుడు తెల్లకోటుకి తుడుచుకున్నాడు. పైడిరాజు మాత్రం నవ్వలేదు. గుళ్లో నిలబడ్డట్టు చేతులు జోడించుకుని నిలబడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో తులసమ్మ, బజారులో మంచి బేరం కుదిరినదానిలా, కిటికీ పక్కన కూర్చుని తనలో తను నవ్వుకుంది.

ఆ తర్వాత మూడేళ్లు మంచి రోజులు. రమణమ్మ మాత్రం వదల్లేదు. ముసలోళ్ల మాత్రలు మింగుతున్న పిల్ల వయసుకి ముందే ముసలిదైపోతుందనీ, పదిహేనేళ్లకి పళ్లు ఊడతాయనీ అన్నదని సీత మోసుకొచ్చింది. “ఊడినప్పుడు రమణమ్మ కట్టుడు పళ్లు అడిగి పెట్టుకుంటాదిలే” అంది తులసమ్మ. ఇప్పుడు ఎన్ని మాటలైనా పడగలదు. కుమారి పన్నెండేళ్లదైంది. లేడీస్ సైకిలు మీద సాయంత్రం ట్యూషనుకి వెళ్లి దీపాలు వెలిగాక వచ్చేది. వీధిలో ఒక్క మనిషీ అడ్డం లేకపోయినా మలుపు నుంచి గంట కొట్టుకుంటూ వచ్చేది. తెలుగు సగం, హిందీ సగం మాట్లాడేది. చిన్నప్పుడు పాకిన సంగతి బళ్లో ఒక్క నేస్తానికీ చెప్పలేదు. ఒకప్పుడు పొద్దు వాలుతోందంటే బెంగపడ్డ తులసమ్మ, ఇప్పుడు ఆ గంట వినడానికి గేటు దగ్గర నిలబడేది.

ఎనభై మూడు చలికాలంలో డాక్టరు పార్థసారథి వాళ్ల క్వార్టరుకి వచ్చాడు. మొదటిసారి రావడం. తులసమ్మ కోడి కొయ్యబోయి, ఆయన తినడని గుర్తొచ్చి, గారెలు వండింది. తిన్నాక చెప్పాడు.

“నేను రాసింది ఎవరూ నమ్మడం లేదు పైడిరాజూ. పెద్ద పెద్దవాళ్లు నవ్వుతున్నారు. కుమారిని చూసి మొదట్లో మీ ఊరి డాక్టర్లు అన్నట్టే, ఇది పిల్ల మారాము, నువ్వు మోసపోయావు అంటున్నారు. నడవలేని కుమారిని చూసిన డాక్టర్ని నేనొక్కణ్ణే. అప్పుడు నా దగ్గర కెమెరా లేదు. వచ్చే నెల నాగపూరులో డాక్టర్ల మహాసభ ఉంది. అక్కడ చూపించాలి.”

“సూపించండి. గుంటని తీసుకొస్తాం. దానికేటి?” అన్నాడు పైడిరాజు.

“బాగున్న పిల్లని చూపిస్తే ఏం లాభం? మాత్ర ఆపాలి. రెండు వారాలు. పాత స్థితి వస్తుంది. ఫిల్ము తీస్తాం, సభలో చూపిస్తాం, మళ్లీ మాత్ర వేస్తాం. మళ్లీ లేచి నడుస్తుంది. భయం లేదు, పూచీ నాది.”

తులసమ్మ చేతిలో గారెల పళ్లెం కింద పెట్టింది.

“వొద్దు బాబూ.”

“ఎక్కడెక్కడో ఇలాంటి పిల్లలు మంచాల మీద పడి ఉన్నారమ్మా. ఏ జబ్బో తెలియక కాళ్ల నరాలు కోస్తున్నారు. ఒక్కసారి చూస్తే గుర్తుపడతారు. ఆ పిల్లలంతా...”

“ఆ పిల్లలు నాకు తెల్దు. నాకీ పిల్లే తెలుసు.”

డాక్టరు పైడిరాజు వైపు చూసి చిన్నగా నవ్వాడు. “ఈ పిల్ల నాది కూడా కదా, తులసమ్మా? నువ్వే కదా కొంగు పట్టి తవుడు పోయించుకున్నావు?”

ఆయన హాస్యానికే అన్నాడు. తులసమ్మకి అది తెలుసు. కాని పైడిరాజుకి అందులో హాస్యమేమీ కనిపించలేదు. డాక్టరు చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లగానే గొంతు తగ్గించి అన్నాడు.

“మాటంటే మాటే. తవుడు పోసినోడిదే పిల్ల. ఆయన మననడిగినాడంటే అది ఆయన మంచితనం. అడక్కుండా తీసికెల్లినా మనం నోరెత్తడానికి నేదు.”

“అది నా ఎత్తయ్యా, నీ మొకం! మందు ఆగిపోకండా ఏసిన ఎత్తు!”

“ఎత్తేటి? ఎవుల్తో ఎత్తు? తవుడుతో ఎత్తులేటే?” అతని మొహంలో నిజమైన భయం చూసింది తులసమ్మ. ఈ మనిషి మూడేళ్లుగా ఆ దోసెడు తవుడుని నిజంగా నమ్ముకుని బతుకుతున్నాడు. తను డాక్టరు కాలికి తాడు కట్టాననుకుంది. తాడు రెండో కొస పిల్ల నడుముకి ఉందని అప్పుడు తోచలేదు.

ఇదంతా జరుగుతుంటే కుమారి లోపలి గదిలో బడి లెక్కలు చేసుకుంటోంది. ఆ పిల్లని ఎవరూ పిలవలేదు. ఒకసారి పిలిచింది మాత్రం పైడిరాజే, డాక్టరు బాబుకి తువ్వాలు తెమ్మని.

పైడిరాజు సరేనన్నాక, వెళుతూ డాక్టరు మాత్రల సీసా అడిగాడు. “నా దగ్గరుండనీ అమ్మా. నీ మనసు మెత్తన. మధ్యలో ఒక్కటి వేసినా పదిహేను రోజుల శ్రమ వృథా అవుతుంది.” ఎంత మర్యాదగా అడిగాడంటే, సీసా తానే బల్ల మీంచి తీసి ఆయన చేతిలో పెట్టింది తులసమ్మ. ఆ చెయ్యి ఆ తర్వాత చాలా రోజులు ఆమెకి తనది కానట్టు ఉండేది.

రాత్రి అన్నాల దగ్గర సంగతి చెప్పారు. కుమారి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మానేసింది.

“స్కూల్?”

“కొన్నాలు మానీ.”

“సైకిల్?”

“అది ఎక్కడికి పోద్దే? గోడకే ఉంటాది.”

“అమ్మా, నువ్వు హా అన్నావా?”

“నాను వొద్దన్నాను” అంది తులసమ్మ. అని, దాని కళ్లలోకి చూడలేక మజ్జిగ గిన్నె కోసం లేచింది.

బడి మాననంది కుమారి. ఏం కాదు, ఇప్పుడు పెద్దదాన్ని, గట్టిగా నడుస్తానంది. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం సెక్టర్ ఆరు మార్కెట్టు ముందర సైకిలు మీంచి పడింది. పడింది లేవలేదు. కాళ్లు మెలిక పడిపోయాయి. తోటి పిల్లలు ముందు నవ్వారు, తర్వాత భయపడ్డారు. చెరో రెక్కా పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చారు. ‘ఆంటీ, ఇస్‌కో క్యా హువా?’ అని గేటు దగ్గర అడుగుతుంటే, కుమారి గుమ్మం లోపలికి మోకాళ్ల మీద పాకింది, వాళ్లు చూస్తుండగానే. ఇంక బడి మాట ఎత్తలేదు.

“ముసలోళ్ల మందు కదా, ముసలోళ్లతోపాటే సచ్చిపోయిందేమో దాని బలం అందప్పా రమణమ్మ” అని సీత చెప్పింది. తులసమ్మ ఈసారి తలుపు దగ్గరగా వేసి లోపలికి పోయింది. సీత కాసేపు నిలబడి, జవాబు లేకుండా పట్టుకెళ్లడానికేమీ లేక, వెళ్లిపోయింది.

నాగపూరు సభ ఓ పెద్ద హాల్లో జరిగింది. సాయంత్రం వేళ పెట్టించాడు పార్థసారథి. హాలు నిండా సూట్లు వేసుకున్న మగవాళ్లు, అక్కడక్కడ ఆడ డాక్టర్లు. కాళ్ల కండరాలు కనపడాలని కుమారికి తొడల దాకా ఉండే చెడ్డీ వేశారు. ఆ ఏడాదే బడి స్కర్టు మోకాలి మీదికి వస్తోందని దర్జీతో దెబ్బలాడి కింద అంచు వేయించుకున్న పిల్ల. తెర పక్కన తులసమ్మ నిలబడింది. ఆమెతోపాటు పైడిరాజు, ఇస్త్రీ చొక్కాలో.

కుమారిని వేదిక మీద ఒక కొసన దింపారు. రెండు అడుగులు వేసింది. మూడో అడుగులో కాళ్లు ఒకదానిమీదొకటి పడ్డాయి. ఇంక చేతులు ఆనించి పాకింది. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ ముందుకి వంగారు. ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చి ఆగి, ఒగరుస్తూ, తెర వైపు చూసింది.

కెమెరా పట్టుకున్నవాడు చెయ్యి ఊపాడు. “సార్, లైట్ ఠీక్ నహీ ఆయా. ఏక్ బార్ ఔర్.”

పార్థసారథి వంగి కుమారి వీపు నిమిరాడు. “ఇంకొక్కసారి, తల్లీ. మా బంగారు తల్లివి కదూ.”

అది తల్లి వైపే చూస్తోంది. తులసమ్మకి ఒక్క ఊపున వెళ్లి పిల్లని ఎత్తుకుని, ఆ చెడ్డీ మీద తన కొంగు కప్పి, ఆ మెట్లు దిగి పోవాలనిపించింది. మాత్రల సీసా ఆయన కోటు జేబులో గుండ్రంగా కనిపిస్తోంది. ఆమె కదల్లేదు. తల మాత్రం ఊపింది. ‘కానీ’ అన్నట్టు. కుమారి వెనక్కి తిరిగి మళ్లీ పాకింది.

ఆ రాత్రే మాత్ర వేశారు. సభ ముగిసే రోజు సాయంత్రం అదే వేదిక మీద అదే చెడ్డీలో కుమారి నడిచింది, పరిగెత్తింది కూడా. చప్పట్లు ఆగలేదు. నవ్విన పెద్దవాళ్లే లేచి నిలబడ్డారు. వెనక వరసలోంచి రాజనందగావ్‌లో పనిచేసే డాక్టరొకాయన గట్టిగా అరిచినట్టే అన్నాడు, తన దగ్గర అచ్చం ఇలాంటి ఆరేళ్ల పిల్ల ఉందనీ, వచ్చే నెల కాళ్లకి ఆపరేషను రాసిపెట్టాననీ. ఆ మాటకి పార్థసారథి కళ్లు తుడుచుకున్నాడు. పైడిరాజు ఆయన కాళ్ల మీద పడ్డాడు. అబద్ధమేమీ లేదు. ఆయన చెప్పినదంతా నిజమే అయింది. తులసమ్మ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక గోడకానుకుని నిలబడింది.

ఇంటికొచ్చాక కుమారి మాత్రల సీసా అడిగి తీసుకుని తన బడి సంచీలో పెట్టుకుంది. అంతకుముందు తల్లి వేస్తే వేసుకునేది. ఇప్పుడు తనే వేసుకుంటోంది, తనే లెక్క చూసుకుంటోంది, రాత్రి ఆ సంచీ తల కింద పెట్టుకుంటోంది. బడికి మళ్లీ వెళుతోంది గాని సైకిలు మీద కాదు. నేస్తాలు రెండు అడుగులు దూరంగా నడిచేవారు. దాని నడక చూస్తూ నడిచేవారు.

“ఏటే, నాతో మాటాడవా?” అని తులసమ్మ ఒకరోజు జడ వేస్తూ అడిగింది.

“క్యా బోలూఁ?” అంది కుమారి.

“నాను వొద్దన్నానే. నీ ఎదటే సెప్పాను.”

“స్టేజి మీద ఊఁ అన్నావు కదా.”

జడ సగంలో ఉంది. తులసమ్మ మిగతా సగం ఎలా అల్లిందో ఆమెకే తెలియదు.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం గేటు ముందు ఆటో ఆగింది. డాక్టరు పార్థసారథి దిగాడు. వెనక ఒకామె, చేతిలో మిఠాయి పొట్లం, ఆమె చెయ్యి విదిలించుకుంటూ ఆరేళ్ల పిల్ల. రాజనందగావ్ పిల్ల. తల్లి పేరు ఫూల్‌బాయి, బీడీలు చుట్టుకుని బతుకుతుంది. ఆ పిల్ల దిగీ దిగగానే వాకిట్లో కోడి వెనక పడింది. పొద్దు వాలిపోతోంది. అది కోడిని తరుముతూ ఇల్లంతా ఓ చుట్టు చుట్టి వచ్చింది. ప్రహరీ అవతల రమణమ్మ, సీత పక్కపక్కనే నిలబడి చూస్తున్నారు.

ఫూల్‌బాయి కుమారిని చూడగానే కూలబడి దాని పాదాలు రెండూ పట్టుకుంది. “నోనీ, తోరే కారన్” అంటూ, నీ వల్లే తల్లీ అని, వాళ్ల ఛత్తీస్‌గఢీలో ఏడ్చింది. కుమారి పాదాలు వెనక్కి లాక్కుంది.

అందరూ మంచాల మీద కూర్చున్నాక డాక్టరు గొంతు సవరించుకున్నాడు. తులసమ్మకి ఆ సవరింపుతోనే అర్థమైంది.

“బొంబాయికి విదేశాల నుంచి డాక్టర్లు వస్తున్నారు. ఫిల్ము చూశారు. పిల్లని స్వయంగా చూస్తామంటున్నారు. వాళ్లు ఒప్పుకుంటే పరిశోధన సంస్థే పెడతారు, మాత్ర ఇక్కడే తయారు చేయించవచ్చు, నన్ను అడుక్కోవలసిన పనే ఉండదు. ఈసారి వారం చాలు.”

“సర్లెండి బాబూ. తమరు సెప్పాక” అన్నాడు పైడిరాజు.

తులసమ్మ నోరు తెరిచింది. కాని డాక్టరు ఆమె వైపు తిరగలేదు. ఈసారి ఆయన కుమారినే అడిగాడు. నేర్చుకున్నాడు.

“నువ్వే చెప్పాలమ్మా. నిన్నడగకుండా చెయ్యను. అదిగో, ఆ పిల్లని చూడు. నువ్వు ఆ రోజు పాకబట్టి ఇవాళ అది పరిగెత్తుతోంది. ఇలాంటివాళ్లు ఇంకెందరో ఉన్నారు. ఏమంటావు?”

కుమారి ఆ పిల్లని చూసింది. అది ఆయాసపడుతూ వచ్చి ఫూల్‌బాయి మోకాళ్ల మధ్య దూరి, పొట్లంలోంచి లడ్డూ తీసుకుంటోంది. కుమారి తెలుగులో కాదు, ఫూల్‌బాయికి కూడా తెలిసేలా హిందీలో, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

“అయితే ఈసారి ఈ పిల్ల మాత్రలు ఆపండి.”

ఫూల్‌బాయి పిల్లని కొంగు కిందకి లాక్కుంది.